పెట్టెలో దీపం

బల్లమీద నాలుగు రైలుపెట్టెలు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటి జానెడుకు కొంచెం ఎక్కువ పొడవు, రెండు వేళ్ళ వెడల్పు. ముదురాకుపచ్చవి మూడు, నీలిరంగుది ఒకటి. నిజమైన పెట్టెలకున్నట్లే వాటికి కిటికీచట్రాలున్నాయి. తలుపులకు వెంట్రుకవాసి పిడులున్నాయి. అడుగున బ్యాటరీపెట్టెల ఆకారాలు సైతం ఉన్నాయి. అన్నీ ఉన్నాయి గాని, వాటిని తెరిచే దారి మాత్రం ఎక్కడా కనబడలేదు. ఆయన ఒకదాన్ని తిరగేశారు, పక్కకు వంచారు, కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టి కంటికి దగ్గరగా పెట్టుకొని చూశారు. ఒక్క స్క్రూ తల కూడా కంటబడలేదు.

“తాతయ్యా, నువ్వు పెద్ద రైళ్ళకే లైట్లు వేసేవాడివి కదా! ఇది చిన్నదే కదా!” అన్నాడు ఎనిమిదేళ్ళ మనుమడు.

వాడన్నది నిజమే. 1979 నుంచి 2017 వరకు ముప్పై ఎనిమిదేళ్ళపాటు ఆయన చేసిన పని అదొక్కటే. కోస్తాలోని ఒక పెద్ద జంక్షనులో, రైలు దీపాల విభాగంలో ఖలాసీగా చేరి, ఫిట్టరై, చివరకు సీనియర్ టెక్నీషియనుగా పదవీ విరమణ చేశారు. పెట్టెల అడుగున చేరి బెల్టులు బిగించడం, బ్యాటరీలలో డిస్టిల్డ్ వాటర్ పోయడం, మాడిపోయిన బల్బులు మార్చడం - ఇదే ఆయన జీవితం. అయితే నిజమైన రైలుపెట్టె లోపలికి వెళ్ళడానికి తలుపుంటుంది. ఈ బొమ్మపెట్టెలోకి వెళ్ళాలంటే ఏ ద్వారమూ లేదు.

అది 2022 డిసెంబరు. జర్మనీ దేశంలో స్టుట్‌గార్ట్ నగరానికి తూర్పుగా గోపింగెన్ అనే పట్టణం ఉంది. దాని సమీపంలోని చిన్న ఊళ్ళో ఆయన కూతురు, అల్లుడు కాపురముంటున్నారు. మూడు నెలల వీసామీద వచ్చిన ఆయనకు అక్కడ చేయడానికేమీ లేదు. సాయంత్రం నాలుగున్నరకే చీకటిపడుతుంది. ఇంట్లో అందరూ పనులమీద పోతారు. వీధిలో పలకరించేవారు లేరు. ఉన్నా ఆయనకు వారి భాష రాదు. మనుమడికి తెలుగు అర్థమవుతుంది గాని, నాలుగు మాటలు మాట్లాడేసరికి మూడోది జర్మనులో వస్తుంది. అటువంటి రోజుల్లో ఈ నాలుగు పెట్టెలూ ఇంట్లోకి వచ్చాయి.

ఇచ్చినవాడు కింది అంతస్తు పెద్దాయన. ఎనభైమూడేళ్ళ వృద్ధుడు. ఒక యంత్రాల కర్మాగారంలో లేతుమీద పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. మనుమడు ఆయనను “ఓపా” అని పిలుస్తాడు. అక్కడ తాతను అలాగే పిలుస్తారు. నలభై ఏళ్ళపాటు ఇంటి నేలమాళిగలో చిన్న రైలుమార్గాన్ని పరచుకొని ఆడుకొన్న ఆ పెద్దాయనకు ఇప్పుడు వేళ్ళు వణుకుతున్నాయి. ఫిబ్రవరిలో ఆయన వృద్ధుల సంరక్షణాలయానికి మారిపోతున్నాడు. అక్కడ ఒక మంచం, ఒక బీరువా, ఒక కిటికీ - అంతే చోటు. అందువల్ల పట్టాలు, స్టేషన్లు ఒక్కొక్కటే పంచిపెట్టి, ఈ నాలుగు పెట్టెలను కుర్రవాడి చేతిలో పెట్టాడు. “వీటిలో దీపాలుండేవి. ఆరిపోయి చాలా ఏళ్ళయింది. తెరవడానికి నా చేతులు ఇక పనికిరావు” అన్నాడట. కూతురు ఆ మాటలను తెలుగులో చెప్పి, “నాన్నా, మీకు రైలు దీపాల పని తెలుసని నేను నోరుజారాను. వెలిగితే ఒకసారి చూడాలనుంది అంటున్నారు” అని ముగించింది.

ఇటువంటి బొమ్మరైళ్ళ చరిత్రలో గోపింగెన్‌ది పెద్ద పేరు. 1859లో మెర్క్లిన్ అనే రేకుపనివాడు ఆ ఊళ్ళోనే బొమ్మల వంటింటి సామాను చేయడం ప్రారంభించాడు. ఆయన మరణించిన తరువాత భార్య కరోలిన్ ఆ వ్యాపారాన్ని నిలబెట్టింది. వారి సంతానం కాలంలో, 1891లో, లైప్‌జిగ్ సంతలో ఆ సంస్థ ఒక కొత్త వస్తువును ప్రదర్శించింది. అది కేవలం రైలుబొమ్మ కాదు. కొలతలు నిర్ణయించిన పట్టాలతో కూడిన రైలు వ్యవస్థ. ఈ ఏడు ఒక ఇంజను, మరుసటి ఏడు రెండు పెట్టెలు, ఆ పై ఏడు ఒక స్టేషను కొని దానికే చేర్చుకోవచ్చు. పిల్లవాడి ఆట ముగియకుండా ఉండే ఉపాయం అది; తండ్రి జేబు ఖాళీ అవుతూనే ఉండే ఉపాయం కూడా! 1935లో వారు బల్లమీద ఇమిడే చిన్న కొలత రైళ్ళను తెచ్చారు. నేడు ప్రపంచంలో ఎక్కువమంది ఆడుకొనే కొలత దానినుంచి స్థిరపడినదే - నిజమైన దానిలో ఎనభైఏడవ వంతు. పట్టాల నడుమ దూరం 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లని తలచుకొంటే ఆ సూక్ష్మత తెలుస్తుంది. ఆయన స్వయంగా లెక్క వేసి చూశారు. మన రైళ్ళలో ఇప్పుడు నడుస్తున్న ఎల్.హెచ్.బి. పెట్టె పొడవు ఇరవైమూడున్నర మీటర్లు. ఈ కొలతలో అది ఇరవైఏడు సెంటీమీటర్లవుతుంది. ఆ పెట్టెల నమూనా మనకు వచ్చింది కూడా జర్మనీనుంచే. ఐదున్నర అడుగుల ఆయనేమో రెండు సెంటీమీటర్లకు కూడా తక్కువ!

ఇక్కడ ఒక చిన్న మాట. తెలుగునాట అందరూ రైలుపెట్టెను ‘బోగీ’ అంటారు. రైల్వే పనివారి మాటలో బోగీ అంటే పెట్టె కాదు. పెట్టె కింద నాలుగు చక్రాలు బిగించిన చట్రం. ఒక పెట్టెకు రెండు బోగీలు. ఆయన ఇంట్లో ఎవరైనా ‘ఎస్-4 బోగీ’ అంటే ఆయన ఊరుకొనేవారు కాదు. ఈ సవరింపు ఇప్పుడు మనుమడికి కూడా అందింది.

తెరిచే ముందు ఆయన రెండు రోజులు చూస్తూ కూర్చున్నారు. చేయి పెట్టకుండా చూడడం తెలిసినవాడే మంచి పనివాడని డిపోలో అనుకొనేవారు. మూడో రోజున కింది పెద్దాయన దాచిన పాత అట్టపెట్టెల్లో ఒకదాని అడుగున మడతపెట్టిన కాగితం దొరికింది. అందులో పెట్టెను విడదీసి, ముక్కలన్నీ గాలిలో తేలుతున్నట్లు గీసిన బొమ్మ ఉంది. భాష జర్మను, కాని బొమ్మకు భాష అక్కరలేదు. స్క్రూలు లేవని, పైభాగం అడుగుభాగంలోకి కొక్కేలతో బిగిసి ఉంటుందని తేలింది. పక్కగోడల లోపలివైపు నాలుగుచోట్ల గోరు చివరంత బొడిపెలుంటాయి. అవి నేలపలక అంచున ఉన్న గుంటల్లో దిగి పట్టుకొంటాయి. గోడలను కొద్దిగా వెడల్పు చేస్తే బొడిపెలు గుంటల్లోంచి బయటికి వస్తాయి, నేల కిందికి జారుతుంది. కొద్దిగా అంటే ఎంత? అదే అసలు ప్రశ్న. కొత్త ప్లాస్టిక్కు వంగుతుంది. నలభై ఏళ్ళ ప్లాస్టిక్కు వంగినట్లే వంగి విరుగుతుంది.

స్క్రూడ్రైవరు మొన దూర్చితే రంగు లేస్తుంది. అంచున గాటు పడుతుంది. కనుక లోహం పనికిరాదు. పలుచగా, గట్టిగా, నునుపుగా ఉండేదేదో కావాలి. చాలామంది గిటారు మీటే బిళ్ళలను వాడతారని అల్లుడు చెప్పాడు. ఆయన లేచి వెళ్ళి తన పెట్టె అడుగునుంచి ఒక ఎక్స్‌రే ఫిల్ము తెచ్చారు. అది ఆయన కుడి మోకాలిది. ముప్పై ఎనిమిదేళ్ళు పిట్ లైనుల్లో గొంతుక్కూర్చున్న ఫలం ఆ మోకాళ్ళలో చేరింది. కూతురికి చూపిద్దామని రెండు ఫిల్ములూ వెంట తెచ్చారు. కత్తెరతో దాన్ని వేలెడు పట్టీలుగా కత్తిరిస్తూ ఉంటే కూతురు అయ్యో అన్నది. “డాక్టరు చూసేశాడమ్మా, ఇక దాంతో పనేముంది?” అన్నారాయన.

మొదటి పెట్టె తేలికగానే లొంగింది. ఒక మూలన గోడకూ నేలకూ మధ్య పట్టీ దూర్చి, అది పడిపోకుండా వదిలి, రెండో మూలన మరొకటి, ఆ ఎదుటి గోడకు మరి రెండు. నాలుగో పట్టీ దిగగానే నేలపలక తనంతట తానే చిన్న నిట్టూర్పుతో కిందికి జారింది. మనుమడు చప్పట్లు కొట్టాడు. లోపల వరుసగా కుర్చీలు, నడుమ నడవ, ఒక చివర మరుగుదొడ్డి గది. కప్పు లోపలివైపు ఒక పొడవాటి రేకు, దానికి రెండు గోధుమగింజలంత బల్బులు. రెండూ మాడి నల్లబడ్డాయి. ఆ రేకు పక్కన పెన్సిలుతో సన్నగా రాసిన అంకెలు కనబడ్డాయి: 1978, దాని కింద 1984, దాని కింద 1991.

మనుమడికి అవి ఏమిటో తెలియలేదు. ఆయనకు చూడగానే తెలిసింది. మన రైలుపెట్టెలను నియమిత కాలానికొకసారి వర్క్‌షాపుకు పంపి, సమూలంగా మరమ్మతు చేసి, ఆ తేదీని పెట్టె చివర రంగుతో రాస్తారు. మళ్ళీ ఎప్పుడు రావాలో కూడా రాస్తారు. ఈ పెద్దాయన తన పెట్టెలకు అదే చేశాడు. కాకపోతే ఎవరూ చూడనిచోట రాసుకొన్నాడు. భాష తెలియని ఆ ఊళ్ళో ఆయనకు అర్థమైన మొదటి రాత బహుశా అదే.

బల్బులు మార్చేస్తే సరిపోయేది కాదా అని ఎవరైనా అడగవచ్చు. సరిపోదు, దానికి కారణముంది. పాత పద్ధతిలో పట్టాలలోని విద్యుత్తును హెచ్చించి తగ్గించి ఇంజను వేగాన్ని మారుస్తారు. సున్నానుంచి పన్నెండు వోల్టులదాకా. పెట్టెలోని దీపానికి కూడా అదే విద్యుత్తు ఆధారం. రైలు వేగంగా పోతే దీపం ప్రకాశిస్తుంది, నెమ్మదిస్తే మసకబారుతుంది, స్టేషనులో ఆగితే ఆరిపోతుంది. అంటే ప్రయాణికులు దిగవలసిన వేళకే పెట్టెలో చీకటి! మనుమడికి తండ్రి కొనిచ్చిన కొత్త పట్టాలు అలాంటివి కావు. వాటిలో ఎప్పుడూ పదిహేను వోల్టుల పైచిలుకు ఒకేరీతిగా ఉంటుంది; ఇంజనుకు ఆజ్ఞలు సంకేతాల రూపంలో అందుతాయి. దానిమీద పాత బల్బు పెడితే మితిమీరి వెలిగి, వేడెక్కి, కప్పును కరిగిస్తుంది. అందుచేత బల్బులు తీసి ఎల్.ఇ.డి. దీపాలు అమర్చవలసి వచ్చింది.

ఎల్.ఇ.డి. ఒక దిక్కుకే విద్యుత్తును పోనిస్తుంది. పట్టాలలోనేమో దిక్కు క్షణక్షణం మారుతుంది. కనుక నాలుగు డయోడ్లను గుండ్రంగా కలిపి, ఎటునుంచి వచ్చినా ఒకే దిక్కుకు పోయేటట్లు వంతెన కట్టాలి. ఆ మీద వెలుగు తగ్గించే రెసిస్టరు, దానికి తోడు ఒక కెపాసిటరు. పట్టామీద దుమ్ము అడ్డుపడి చక్రానికి విద్యుత్తు అందకపోతే, కెపాసిటరు తాను దాచుకొన్నదాన్ని ఇచ్చి దీపం రెపరెపలాడకుండా ఆదుకొంటుంది. ఒక్క క్షణమే ఆదుకొంటుంది. కాని ఆ క్షణం చాలు. ఇది వివరిస్తున్నప్పుడు ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. ఎందుకంటే ఆయన జీవితమంతా సాకిన బ్యాటరీల పని కూడా ఇంతే. మన పాత పద్ధతి పెట్టెల అడుగున, ఇరుసుకు బెల్టుతో కలిపిన ఆల్టర్నేటరు ఉంటుంది. రైలు నడిస్తే అది తిరిగి విద్యుత్తు పుడుతుంది, బ్యాటరీ నిండుతుంది. రైలు ఆగితే బ్యాటరీ దీపాలను మోస్తుంది. ఒకప్పుడు 24 వోల్టులు, తరువాత 110 వోల్టులు. ప్రతి పెట్టెకూ సొంత దీపం, సొంత నూనె అన్నమాట. బెల్టు వదులైతే ఆల్టర్నేటరు తిరగదు. బ్యాటరీ ఉన్నంతసేపు ఇచ్చి, నడిరాత్రి ఏ చిన్న స్టేషను దగ్గరో చేతులెత్తేస్తుంది.

ఆ మాట చెబుతూ ఆయన హఠాత్తుగా ఆగిపోయారు. మనుమడు “తర్వాత?” అన్నాడు. “తర్వాత ఏముంది, చీకటే” అని టంకం వేసే పనిలో పడ్డారు.

కింది పెద్దాయన నేలమాళిగనుంచి సోల్డరింగ్ ఐరన్ వచ్చింది. చక్రాల వెనుక రాసుకొనే కంచురేకులు నల్లగా కిలుమెక్కి ఉంటే స్పిరిటులో ముంచిన దూదితో తుడిచారు. వాటినుంచి నేలగుండా పైకి వచ్చే తీగలు, మరుగుదొడ్డి గదిలో దాగిన కెపాసిటరు, కప్పుకు అంటించిన ఎల్.ఇ.డి. పట్టీ. దీపపు రంగు విషయంలో ఇంట్లో వాదన జరిగింది. మనుమడికి తెల్లని వెలుగు కావాలి. కింది పెద్దాయన తలూపలేదు. తన కాలపు పెట్టెల్లో పసుపుదనం ఉండేదన్నాడు. తెల్లని ఎల్.ఇ.డి. నిజానికి నీలపు వెలుగు. దాని మీద పూసిన పదార్థం ఆ నీలాన్ని తెలుపుగా మారుస్తుంది. ఆ నీలపు దీపాన్ని సాధించినందుకే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. చౌకరకం పట్టీలలో ఆ నీలపు ఛాయ మిగిలిపోయి, రైలుపెట్టె కాస్తా ఆపరేషను గదిలా కనబడుతుంది. చివరకు పసుపు కలిసిన తెలుపు రకం తెప్పించారు.

రెండో పెట్టె వద్ద దెబ్బ తగిలింది. ఇది వేరొక తయారీదారుది. దీనికి నేల జారదు, కప్పు లేస్తుంది. కిటికీల అద్దాలుగా ఉన్న పారదర్శకపు పలకకే పైన కొక్కేలుంటాయి. అవి కప్పును పట్టుకొంటాయి. కిటికీల పైఅంచును వేళ్ళతో లోపలికి నొక్కుతూ ఒక చివరనుంచి కప్పును లేపాలి. మొదటి పెట్టె ఇచ్చిన ధైర్యంతో ఆయన కొంచెం తొందరపడ్డారు. ‘టిక్’మని చిన్న శబ్దం. కప్పు చేతిలోకి వచ్చింది. దానితోపాటు పారదర్శకపు పలకనుంచి విరిగిన కొక్కెం ముక్క బల్లమీద పడి, ఎగిరి, కంబళిలో కలిసిపోయింది. పలకమీద ఒక కిటికీకి అడ్డంగా సన్నని తెల్లని బీట.

తాతా మనుమలిద్దరూ కాసేపు మాట్లాడలేదు.

“ఓపాకు చెప్పొద్దు తాతయ్యా” అన్నాడు కుర్రవాడు మెల్లగా. “జిగురు పెట్టేద్దాం. ఆయనకు కళ్ళు సరిగా కనబడవు కదా!”

ఆయన జవాబివ్వలేదు. ముప్పై ఆరేళ్ళ కిందటి ఒక వానరాత్రి ఆయన కళ్ళముందు నిలిచింది. 1986. పద్దెనిమిది పెట్టెల పాసింజరు బండి. పదిహేడు పెట్టెల కింద వంగి బెల్టులు పట్టి చూశారు. పద్దెనిమిదో పెట్టె దగ్గరికి వచ్చేసరికి వాన ఉధృతమైంది; బండికి వేళ అయింది. ఆయన వంగలేదు. రిజిస్టరులో పద్దెనిమిదింటికీ సరి అని సంతకం చేశారు. ఆ రాత్రి ఆ పద్దెనిమిదో పెట్టెలో దీపాలు ఆరిపోయాయి. ఒక చిన్న స్టేషనులో చీకట్లో దిగబోయిన ముసలమ్మ మెట్టు తప్పి పడి కాలు విరగ్గొట్టుకొంది. మూడు రోజుల తరువాత ఫిర్యాదు కాగితం వచ్చినప్పుడు ఆయనకు ఈ సంగతి తెలిసింది. బెల్టు దారిలో తెగి పడిపోయిందని విచారణలో రాశారు. అలా పడిపోవడం మామూలే గనుక ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఆ బెల్టు ముందే వదులుగా ఉన్నదో, నిజంగా దారిలోనే తెగిందో ఆయనకు ఎన్నడూ తెలియలేదు. తాను చూడలేదన్నది ఒక్కటే తెలుసు. ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. ఆమె పోయి నాలుగేళ్ళయింది.

“పద నాన్నా, కిందికి పోదాం” అని ఆయన లేచారు. విరిగిన పలకను అరచేతిలో పెట్టుకొని మెట్లు దిగారు. తలుపు తీసిన పెద్దాయన ముందు చేయి చాపి, తన గుండెమీద వేలు పెట్టి చూపారు - చేసింది నేనే అని. మనుమడు నోరు విప్పి జర్మనులో ఏదో చెప్పబోయాడు, చెప్పనక్కరలేకపోయింది.

పెద్దాయన పలకను దీపం దగ్గర పట్టుకొని చాలాసేపు చూశాడు. ఆయన ముఖంలో బాధ కనబడింది. దాన్ని దాచడానికి ప్రయత్నించలేదు కూడా. తరువాత లోపలికి వెళ్ళి ఒక పాత బిస్కట్ల డబ్బా తెచ్చాడు. మూత తీస్తే అందులో విరిగిన మెట్లు, ఊడిన చక్రాలు, సగం తెగిన పిడులు. మనుమడు అనువదించాడు: “తెరిచిన ప్రతిసారీ ఒకటి విరిగేదట తాతయ్యా. విరగ్గొట్టడం ఇష్టం లేనివాళ్ళు తెరవరట. వాళ్ళ పెట్టెలన్నీ అద్దాల బీరువాలో ఉంటాయట.” ఆ డబ్బాలో వెదికితే సరిపడే కొక్కెం దొరకలేదు. గాజులాంటి జిగురుతో పలకను అతికించారు. బీట అలాగే ఉండిపోయింది.

మూడో పెట్టె కథ చెప్పుకోదగ్గది కాదు. దానికి స్క్రూలున్నాయి, బోగీలను పక్కకు తిప్పితే వాటి చాటున బయటపడ్డాయి. మన మేస్త్రీకి అలవాటైన దారి అదే గనుక అరగంటలో పని పూర్తయింది.

నాలుగోది నీలిరంగు మొదటి తరగతి పెట్టె. ఫిల్ము పట్టీ ఎక్కడా దిగలేదు. కప్పు మధ్యభాగం అల లాగా కొద్దిగా ఉబ్బి ఉంది. పెద్దాయనను అడిగితే నవ్వి ఒప్పుకొన్నాడు. ఎన్నో ఏళ్ళ కిందట ఆ పెట్టెలో కొంచెం పెద్ద బల్బు పెట్టాడట. దాని వేడికి కప్పు వంకరపోయి కొక్కేలకు అందలేదు. విసుగెత్తి, చుట్టూ ద్రావకం పూసి అంటించేశాడు. అటువంటి ద్రావకం జిగురులా పైపైన పట్టుకోదు. రెండు ప్లాస్టిక్కులను కరిగించి ఒకటి చేస్తుంది. ఇక దాన్ని తెరవడమంటే కోయడమే. “కోసెయ్యండి, ఫరవాలేదు” అన్నాడు పెద్దాయన. ఆయన సన్నని రంపపు అలుగును చేతిలోకి తీసుకొని, అతుకు దగ్గర పెట్టి, కొద్దిసేపు ఆలోచించి, పక్కన పెట్టేశారు. అతుకు ఎక్కడ ముగిసి గోడ ఎక్కడ మొదలవుతుందో ఆయన కంటికి ఆనలేదు. చూడనిదాని మీద రంపం పెట్టడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

జనవరి మూడో వారంలో ఒక సాయంత్రం పెద్దాయనను పైకి పిలిచారు. ఆయన ఊపిరి తీసుకొంటూ మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గదిలో దీపాలన్నీ ఆర్పేశారు. ఇంజను వెనుక మూడు ఆకుపచ్చ పెట్టెలు. కిటికీలన్నీ లేత పసుపు. ఒక కిటికీలో మాత్రం బీట వెలుగు పట్టి సన్నని గీతలా మెరిసింది. రైలు బల్లచుట్టూ మూడుసార్లు తిరిగింది. ఆ తరువాత మనుమడు దాన్ని అట్టతో చేసిన స్టేషనులో ఆపాడు.

దీపాలు ఆరలేదు.

పెద్దాయన ముందుకు వంగాడు. పట్టాలలో ఏదో పొరపాటు జరిగిందనుకొన్నాడు కాబోలు, ఇంజను వైపు ఒకసారి, పెట్టెల వైపు ఒకసారి చూశాడు. నలభై ఏళ్ళుగా ఆయన రైలు స్టేషనులో ఆగిన ప్రతిసారీ చీకటిపడింది. ఆగిన పెట్టెలో కుర్చీలు కనబడడం ఆయన ఎన్నడూ చూడలేదు. ఏదో అన్నాడు. కూతురు తెలుగులో చెప్పింది: “ఇప్పుడు దిగేవాళ్ళకు మెట్టు కనబడుతుంది, అంటున్నారు నాన్నా.”

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, బయట మంచు పడుతోందా అని చూశారు. మంచేమీ పడడం లేదు. మళ్ళీ వచ్చి కూర్చోవడానికి కొంత సమయం పట్టింది.

నీలిపెట్టెను కూడా తగిలించాలని మనుమడు పట్టుపట్టాడు. “దీపం లేని పెట్టెను బండికి కట్టకూడదు” అన్నారాయన, ఇంట్లో ఎవరూ అంతవరకు వినని గట్టి గొంతుతో. తరువాత మెత్తబడి అసలు పద్ధతి చెప్పారు. మన రైల్వేలో లోపమున్న పెట్టెకు ‘సిక్’ అని గుర్తు పెడతారు. బండినుంచి విడదీసి ‘సిక్ లైను’ అనే పక్కదారిలో నిలుపుతారు. బాగుచేసి, చూసి, సంతకం పెట్టాకే మళ్ళీ బండిలో చేరుస్తారు. రైలుపెట్టెకు కూడా జబ్బు చేస్తుందా అని కుర్రవాడికి నవ్వాగలేదు. ఆ మాట జర్మనులో చెబితే పెద్దాయనకూ ఆగలేదు. బల్ల అంచున ఒక పొట్టి పట్టా వేసి నీలిపెట్టెను దానిమీద నిలిపారు. మనుమడు కాగితం ముక్కమీద తనకు వచ్చిన తెలుగు అక్షరాలలో ‘సిక్’ అని రాసి అతికించాడు. గుడి బదులు దీర్ఘం పెట్టాడు గాని ఎవరూ దిద్దలేదు.

మూత బిగించే ముందు మూడు పెట్టెల కప్పుల లోపలా పెన్సిలు రాతలకు కొనసాగింపు చేర్చారు. మొదటి పెట్టెలో 1991 కింద 2023. రెండోదానిలో అంకెలతోపాటు ‘ఒక కొక్కెం విరిగింది’ అని కూడా తెలుగులో రాశారాయన. తరువాత ఎవరు తెరిచినా వారికి ఆ భాష చదవడం రాకపోవచ్చు. అయినా రాశారు.

ఫిబ్రవరి మొదట్లో పెద్దాయన వెళ్ళిపోయాడు. మొదటి పెట్టెను ఆయన కొత్త గది కిటికీలో పెట్టి వచ్చారు. చిన్న బ్యాటరీతో వెలిగే ఏర్పాటు చేశారు. నెలాఖరుకు ఈయనా తిరిగి స్వదేశం చేరుకొన్నారు.

ఇప్పటికీ వారానికొకసారి ఫోనులో మనుమడు కనబడతాడు. మాటలు ముగిసే ముందు కెమెరాను బల్ల అంచువైపు తిప్పి, “సిక్ లైనులో పెట్టె అలాగే ఉంది తాతయ్యా. ఎప్పుడొస్తావు?” అంటాడు. సన్నని రంపపు అలుగులు రెండు, పైన బిగించుకొనే భూతద్దం ఒకటి ఆయన ఇప్పటికే కొని ఉంచారు. పట్టీలకు ఫిల్ము కావాలంటే ఇబ్బంది లేదు. ఎడమ మోకాలిది ఇంకా ఉంది.